కడిగిన సీసా

లాకప్పులో కూర్చున్న మనిషి ఏడవడం లేదు, బతిమాలడం లేదు, కనీసం నేను చెయ్యలేదు మొర్రో అని కూడా అనడం లేదు. జల్లెడకు నచ్చనిది అదే. ఆవిడ ఇన్నేళ్లలో చూసిన నిర్దోషులందరూ చెవులు చిల్లులు పడేలా గోల పెట్టినవాళ్లే. నోరు మూసుకున్నవాడి దగ్గర ఏదో ఒకటి ఉంటుంది. అది నేరమే అయి ఉండాలని మాత్రం లేదు.

ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది. పోలీసు శాఖలో పనిచేసిన రోజుల్లో, అందరూ చూసి వదిలేసిన చోట మళ్లీ కూర్చుని వెతికేదని తోటివాళ్లు జల్లెడ అని పిలిచారు. ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచినా ఆ పేరు మాత్రం వదల్లేదు. ఆవిడకూ దాని మీద కోపం లేదు. అంతకంటే పాడు పేర్లు పెట్టగల శాఖ అది.

"నీ భార్య తెల్లారకుండానే వచ్చి నా ఆఫీసు మెట్ల మీద కూర్చుంది," అంది జల్లెడ ఊచల ఇవతలికి స్టూలు లాక్కుని. "మధ్యాహ్నం నిన్ను కోర్టుకు తీసుకెళ్తారు. అక్కణ్ణుంచి జైలుకు. ఆ పిల్లకి నేనేం చెప్పాలి?"

"పుట్టింటికి వెళ్లిపొమ్మని చెప్పండి మేడమ్," అన్నాడు లారీ డ్రైవరు.

మీద పడిన నేరం చిన్నదేమీ కాదు. ఎనభై కుటుంబాలుండే అపార్ట్‌మెంట్లకు సెక్రటరీగా ఉన్న ఒకావిడ మొన్న పొద్దున తన వంటింట్లోనే కుప్పకూలిపోయింది. ఆవిడ తాగే చక్కెర లేని కాఫీలో ఎవరో గుండె జబ్బు మందు సీసాడు కలిపారు. జబ్బులేని గుండెకు ఆ మందు విషంతో సమానం. రెండు రోజులు చావుబతుకుల మధ్య కొట్టుమిట్టాడింది.

ఆ సెక్రటరీని అక్కడ పిల్లా పెద్దా అందరూ చెత్తక్క అంటారు. అది తిట్టు కాదు, గౌరవం. తడి చెత్త వేరు, పొడి చెత్త వేరు, గాజు వేరు, మందులు వేరు అని గడప గడపకూ తిరిగి, కాళ్లావేళ్లా పడి, వినకపోతే కయ్యానికి దిగి నేర్పించిన మనిషి. కొనేటప్పుడు ఆలోచిస్తే పారేసేటప్పుడు ఏడవక్కర్లేదు అనేది ఆవిడ ఊతపదం. ఒకప్పుడు లారీ నిండా వెళ్లే చెత్త ఇప్పుడు మూడు నాలుగు బస్తాలకు దిగింది. దేనికీ పనికిరాని ఆ నాలుగు బస్తాలూ ఎత్తుకెళ్లేవాడు ఈ డ్రైవరే.

ఎవరో పేరు చెప్పకుండా స్టేషన్‌కు ఫోన్ చేసి, లారీలో సీటు కింద చూడమన్నారు. చూశారు. మందు సీసా దొరికింది. పైగా అంతకు ముందురోజే డ్రైవరూ చెత్తక్కా గేటు దగ్గర కేకలేసుకోవడం వాచ్‌మన్ చూశాడు. పోలీసులకు ఇంకేం కావాలి? వడ్డించిన విస్తరిలా ఉంది కేసు. అంత శుభ్రంగా వడ్డించి ఉండటమే జల్లెడకు మింగుడుపడలేదు. ఆ కాఫీలో మందు కలిపినవాడు డ్రైవరు కాకపోతే, అసలు చెయ్యి ఇంకా బయటే తిరుగుతోందన్నమాట. చెత్తక్క బతికి బట్టకట్టిందని తెలిశాక ఆ చెయ్యి ఊరుకుంటుందా?

"చెత్తక్కతో గొడవెందుకు పడ్డావు?"

డ్రైవరు గోడ వంక చూశాడు. "నేనొక సంగతి చెప్పాను. ఆవిడ అబద్ధమంది."

"ఏ సంగతి?"

"అది నా నోటి నుంచి రాదండీ. తిట్టడమంతా తిట్టి, చివరికి నా చెయ్యి పట్టుకుంది. నా కళ్లతో నేను చూసేదాకా ఇంకెవరికీ చెప్పకు అని ఒట్టేయించుకుంది. ఆవిడ లేచాక ఆవిణ్ణే అడగండి."

"లేవకపోతే?"

"లేవకపోతే నేను చెప్పినా ఎవడు నమ్ముతాడు మేడమ్? చెత్త లారీవాడి మాటకు ఏపాటి విలువుంటుందో మీకు తెలీదా?"

జల్లెడ స్టూలు ఇంకాస్త దగ్గరికి లాక్కుంది. ఇన్‌స్పెక్టర్ బల్ల మీద కవర్లో పెట్టిన సీసాను ఆవిడ లోపలికి వచ్చేటప్పుడే చూసింది.

"ఒక్కటి చెప్పు. నువ్వెప్పుడైనా సీసా కడిగావా?"

అంత బాధలోనూ డ్రైవరుకు నవ్వొచ్చింది. "సీసానా? నా భోజనం డబ్బా కడగడం లేదనే కదండీ మా ఇంట్లో రోజూ యుద్ధం!"

వెనక బూట్ల చప్పుడైంది. "ఏం వదినా, జల్లించడం అయిందా?"

ఇన్‌స్పెక్టర్ జల్లెడకు స్వయానా చెల్లెలి మొగుడు. ఇంట్లో వదినగారంటే ఎంత భయమో స్టేషన్లో అంత మంట. తను పట్టిన ప్రతి దొంగనూ ఆవిడ విడిపించడానికే పుట్టిందని ఆయన నమ్మకం. అది మరీ అబద్ధం కూడా కాదు.

"మరిదీ, ఆ సీసాను మీవాళ్లెవరైనా కడిగారా?"

"మేమెందుకు కడుగుతాం? వేలిముద్రలు దొరక్కుండా వీడే కడిగాడు. అదృష్టం బాగుండి అడుగున ఒక చుక్క మిగిలింది కాబట్టి ల్యాబ్ వాళ్లు మందేమిటో చెప్పగలిగారు, డాక్టర్లు విరుగుడు ఇవ్వగలిగారు. లేకపోతే ఆ సెక్రటరీగారు ఈపాటికి గోడ మీద ఫొటో."

"కడిగాడు, సరే. లేబుల్ అంచు కూడా మిగలకుండా నానబెట్టి తీశాడు. అదీ సరే. మూత కింద సీసా మెడకు ప్లాస్టిక్ రింగు ఒకటి ఉంటుంది చూడు, దాన్ని కోసి మరీ తీసేశాడు. ఎందుకు? ఇంత ఓపిక ఉన్నవాడు సీసాను ఏ కాలవలోనో గిరాటెయ్యక సొంత సీటు కింద దాచుకున్నాడా?"

"నేరస్థుడికి తెలివి ఉండి తీరాలని రూలుందా వదినా?"

"లేదు. పోలీసులకూ లేదనుకో."

ఇన్‌స్పెక్టర్ మొహం కందగడ్డయింది. "మధ్యాహ్నం వీణ్ణి కోర్టుకు పంపుతున్నాను. ఆలోగా మీరు ఏం జల్లించుకుంటారో జల్లించుకోండి."

*

చెత్తక్క ఉండేది మూడో అంతస్తులో. తలుపు తీసింది పక్కింటావిడ. మొన్న చెత్తక్క పడిపోవడం మొదట చూసింది ఈవిడే. చెత్తక్క ఫ్లాటు తాళంచెవి ఒకటి ఎప్పుడూ ఈవిడ దగ్గరే ఉంటుంది. చేతిలో తాళంచెవి ఉన్నవాళ్లను ముందుగా అనుమానించడం జల్లెడ వృత్తిధర్మం. ఈవిడ చూపులు చూస్తే ఆ ధర్మం మీద ఇంకాస్త భక్తి పెరిగింది. జల్లెడ చేతిసంచీని గుమ్మంలోనే కళ్లతో సోదా చేసింది.

"ఆ సంచీలో ప్లాస్టిక్ కవర్లేమీ లేవు కదండీ? అక్క ఒప్పుకోదు," అంది గుసగుసగా, చెత్తక్క లోపలి నుంచి వింటున్నట్టు.

లోపల చెత్తక్క తమ్ముడు మంచం మీద సంచీ పెట్టుకుని అక్క చీరలు సర్దుతున్నాడు. మెత్తటి మనిషి. మాట ఇంకా మెత్తన. నిద్రలేక కళ్లు లోతుకు పోయాయి. జల్లెడను చూసి గబగబా కుర్చీ మీది బట్టలు తీసి కూర్చోమన్నాడు.

"అక్క కాదండీ నాకు, అమ్మే. మా అమ్మ పోయేనాటికి నాకు నాలుగేళ్లు. నాకు సవతి తల్లి చేతి కూడు తప్పాలని అక్క నన్ను తీసుకుని ఇంట్లోంచి వచ్చేసింది. పెళ్లి కూడా వద్దనుకుంది." మడిచిన చీరనే విప్పి మళ్లీ మడిచాడు. "ఇప్పటికీ నేను ఆలస్యంగా వస్తే కిటికీ దగ్గర నిలబడుతుంది."

జల్లెడకు ఆ మాట గుచ్చుకుంది. ఆవిడకూ చెల్లెలుంది. అయినా ప్రశ్న ప్రశ్నే.

"మొన్న కాఫీ ఎవరు కలిపారు?"

"నేనే. రోజూ నేనే కలిపి, అక్క స్నానం చేసి వచ్చేసరికి బల్ల మీద పెడతాను. మొన్నా అంతే. పెట్టేసి కిందికి వెళ్లిపోయాను, వ్యాన్లోకి సరుకు ఎక్కించాలి కదా. తలుపు దగ్గరగా వేసే ఉంది. ఆ డ్రైవరు అప్పటికే గేటు దగ్గర ఉన్నాడు. వాడు పైకి వచ్చి ఉంటే ఎవరు చూస్తారు?"

"సరుకంటే?"

"ఈ ఇళ్లల్లో వేరుచేసిన గాజు, ప్లాస్టిక్, కాగితం, పాత మందులు, బ్యాటరీలు అన్నీ మా కంపెనీకే వస్తాయండీ. మళ్లీ పనికొచ్చేవి ఫ్యాక్టరీలకు పంపుతాం, పనికిరానివి పద్ధతి ప్రకారం కాల్పిస్తాం. అక్క మొదలుపెట్టించిన వ్యాపారమే. మా అక్క పేరు చూసే ఇంకో పదిహేను చోట్ల నాకు పని ఇచ్చారు."

"డ్రైవరు మీ అక్కకు ఏదో సంగతి చెప్పాడట. ఏమిటది?"

"నాకు తెలీదండీ. అక్క చెప్పలేదు." జవాబు ప్రశ్న కంటే ముందే తయారుగా ఉన్నట్టు వచ్చింది. "వాడి మాటలకేం, నోటికి ఎంతొస్తే అంత. మా వల్ల లారీ పని తగ్గిందని కడుపుమంట."

పొద్దుటి నుంచి ఏమీ తినలేదని చెబుతూ అతను సంచీలోంచి పళ్లరసం ప్యాకెట్ తీసి, స్ట్రా గుచ్చి గటగటా తాగేశాడు. ఖాళీ ప్యాకెట్టును స్ట్రాతో సహా నలిపి, మాట్లాడుతూనే వంటింటి గుమ్మంలో ఉన్న పచ్చ బకెట్‌లో పడేశాడు. బకెట్ మీద 'తడి చెత్త మాత్రమే' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. మనసు బాగోలేనివాడికి బకెట్ల తేడా ఏం తెలుస్తుందిలే అనుకుంది జల్లెడ. కానీ ఆ చెయ్యి తడబడలేదు. రోజూ చేసే పని చేసినట్టే చేసింది.

అతను ఫ్లాస్కు, బట్టల సంచీ తీసుకుని లేచాడు. "అక్క పొద్దుట్నుంచి బాగా తేరుకుందండీ. ఇంటికి పోదాం పదమని ఒకటే గోల. ఇంకెవరి చేతి నీళ్లూ తాగదు, నేనే పట్టాలి. వెళ్లొస్తాను."

వెళ్లాడు. జల్లెడ వంటింట్లోకి నడిచింది.

అలాంటి వంటింటిని ఆవిడ ఎక్కడా చూడలేదు. అది వంటింట్లా లేదు, చిన్న కార్ఖానాలా ఉంది. గిన్నెలు కడిగే తొట్టి పక్కన బోర్లించిన సీసాలు. కిటికీలో మూతల జాడీ, దాని పక్కన కోసిన రింగుల జాడీ. తొట్టి వెనక గోడ పలకల మీద లేబుళ్లు అతికించి ఉన్నాయి. నానబెట్టి ఊడదీసిన లేబుల్‌ను అలా గోడకు అతికిస్తే ఆరి దానంతటదే రాలుతుంది, అప్పుడు కాగితాల సంచీలో వెయ్యొచ్చు. జామ్ సీసాలవి, సబ్బు సీసాలవి, వరసగా పది పన్నెండు.

"మీరూ ఇలాగే చేస్తారా?" అని అడిగింది జల్లెడ పక్కింటావిణ్ణి.

"కడుగుతామండీ, మూత తీస్తాం. లేబుల్ మాత్రం ఎవరికుంటుంది అంత ఓపిక? ఆ రింగు కొయ్యడం కూడా అక్క ఒక్కతే చేస్తుంది. గోళ్లు కత్తిరించుకునేదాంతో టక్కున రెండు నొక్కులు నొక్కుతుంది. మేం చేస్తే వేలు తెగుతుంది."

జల్లెడ ఆ జాడీ అందుకుంది. రింగులన్నీ బల్ల మీద గుమ్మరించింది. ప్రతిదానికీ కోసిన చోట పక్కపక్కనే రెండు అర్ధచంద్రాకారపు నొక్కులున్నాయి. వాటిలో ఒకటి మిగతా వాటికంటే చిన్నది, తెల్లది. మందు సీసా మెడకు సరిపోయేది. దాని గాడిలో నల్లగా ఏదో ఎండిపోయి ఉంది. గోటితో గీకి వాసన చూసింది. కాఫీ పిప్పి.

ఇందాకటిదాకా ఆవిడ వెతుకుతున్నది సీసా కడిగిన నేరస్థుణ్ణి. ఈ ఎనభై ఇళ్లల్లో ఎవరు ఇంత శుభ్రంగా కడుగుతారా అని ఆలోచిస్తూ పక్కింటావిణ్ణి కూడా తూకం వేసింది. ఇప్పుడు ఆ తూకం అంతా తలకిందులైంది.

తలుపు ధడేలుమని తెరుచుకుంది. "ఇక్కడున్నారా! నేరం జరిగిన చోట వస్తువులు ముట్టుకోవడానికి మీకెవరిచ్చారు అనుమతి?" ఇన్‌స్పెక్టర్ గుమ్మంలో రొప్పుతున్నాడు. "వదినా, బంధుత్వం ఇంటి దగ్గర. ఇక్కడ కాదు. ఆ రింగులూ మూతలూ ఏరుకోవడం మానేసి లేవండి. తుక్కు ఏరుకునేవాళ్లలా ఏమిటిది?"

"తుక్కులోనే ఉంది మరిదీ నీ కేసు. అరవకుండా విను. ఆ సీసా కడిగింది డ్రైవరు కాదు. కాఫీలో మందు కలిపినవాడూ కాదు. చెత్తక్కే."

"విషం తాగిన మనిషే విషం సీసా కడిగిందా? ఇంకా నయం, దానికి బొట్టు పెట్టి హారతిచ్చిందనలేదు!"

"ఆవిడకు అది విషం సీసా అని తెలీదు. కాఫీ తాగేసింది. రోజూలాగే తడి చెత్త బకెట్ తీసుకుని, ఎరువు గుంటలో వేసే ముందు చెయ్యి పెట్టి ఏరింది. కాఫీ పిప్పి కింద సీసా తగిలింది. తిట్టుకుంటూ తీసింది, కడిగింది, రింగు కోసింది, లేబుల్ తీసింది, సీసా బోర్లించింది. ఆ తర్వాత కళ్లు తిరిగాయి. లోకంలో ఏ ఇంట్లోనైనా ఒక వస్తువు మాయం చెయ్యాలంటే చెత్తబుట్టను మించిన చోటు లేదు. ఈ ఇంట్లో మాత్రం బుట్టలో వెయ్యడమంటే ఆవిడ చేతిలో పెట్టడమే."

ఇన్‌స్పెక్టర్ పచ్చ బకెట్ వంక చూశాడు. "అంటే, దాన్ని ఆ బకెట్‌లో వేసినవాడు..."

"ఆవిడ వచ్చే అలికిడి విని చేతికందిన బకెట్‌లో కుక్కేసి ఉంటాడు. ఆవిణ్ణి ఆస్పత్రికి తీసుకెళ్లాక వచ్చి చూస్తే బకెట్‌లో లేదు. తొట్టి పక్కన శుభ్రంగా మెరుస్తోంది. తుడిచి పట్టుకెళ్లి లారీలో పెట్టాడు. గోడ మీద లేబుల్ సంగతి తట్టలేదు. రోజూ చూసే గోడను ఎవరు చూస్తారు?"

ఆవిడ వేలు పలకల మీద వరసగా పాకి, చివరి లేబుల్ దగ్గర ఆగింది. చిన్నది, అంచులు ముడుచుకుని రాలడానికి సిద్ధంగా ఉంది. జాగ్రత్తగా అరచేతిలోకి రాల్చుకుని చదివింది. గుండె జబ్బు మందు. కింద మందుల షాపువాళ్లు చేత్తో రాసిన రోగి పేరు.

పక్కింటావిడ తొంగిచూసి కెవ్వుమంది. "ఇది మా మామయ్యగారి పేరండీ! ఇక్కడికెలా వచ్చింది?"

"ఆయన ఎక్కడున్నారు?"

"పోయి ఏడు నెలలైందండీ. మిగిలిపోయిన మందులు కాలవలో పొయ్యకూడదు, నేలలో పాతకూడదు అని అక్క మరీ మరీ చెప్పింది. అందుకని అన్నీ తీసుకెళ్లి కింద పాత మందుల పెట్టెలో వేశాను. అప్పుడే కాల్చేశామన్నారు కూడాను."

"ఎవరన్నారు?"

"ఇంకెవరండీ, తమ్ముడే. ఆ పెట్టె తాళం అతని దగ్గరే కదా. ఇంకెవరూ ముట్టుకోరు."

ఇన్‌స్పెక్టర్ మెల్లగా టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. అది ఆయన ఓటమి ఒప్పుకునే పద్ధతి, ఇంట్లోనూ అంతే.

జల్లెడ అరచేతిలోని లేబుల్‌ను మళ్లీ చదివింది. కాల్చేశామన్న మందు కాలలేదు. మందే కాలనప్పుడు గాజు ఎటు పోయినట్టు? కాగితం ఎటు పోయినట్టు? ఈ ఇంట్లో పెరిగి, ఈ అక్క చేతి ముద్ద తిని, ఈ వ్యాపారమే చేస్తూ, ప్యాకెట్టును పచ్చ బకెట్‌లో పడేసిన ఆ చెయ్యి గుర్తొచ్చింది. అది ఏమరుపాటు కాదు. వేరు చెయ్యడం ఎంత దండగో తెలిసిన చెయ్యి అది. చివరికి అంతా ఒక్కచోటికే పోతుందని దానికి తెలుసు.

"డ్రైవరు చెప్పిన సంగతి అదే అయ్యుంటుంది మరిదీ. ఈ తమ్ముడు తను తీసుకెళ్లేదంతా ఏదో ఒక గుంటలో కుమ్మరించి తగలబెడుతున్నాడు అని. పదహారు చోట్ల జనం కడిగి, తుడిచి, మూటకట్టి ఇచ్చినదంతా. ఆవిడ చూసొస్తానని ఉంటుంది. చూస్తే ఊరుకోదు, అందరినీ పిలిచి చెబుతుంది. తన సొంత తమ్ముడైనా సరే."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ మోగింది. ఆస్పత్రి దగ్గర కాపలా పెట్టిన కానిస్టేబుల్. వింటున్నకొద్దీ ఆయన మొహంలో రంగులు మారాయి.

"చెత్తక్క వాఙ్మూలం ఇచ్చిందట వదినా. ఎవరూ ఏమీ చెయ్యలేదు, మందు పొరపాటున నేనే తాగాను అందట. సంతకం కూడా పెట్టింది. డాక్టర్లు ఆగమంటున్నా వినకుండా తన పూచీ మీద బయటికి వచ్చేసింది."

"ఎక్కడికి?"

"తమ్ముడి వ్యాన్ ఎక్కిందట. ఇంటికి తీసుకెళ్తానంటే వద్దు, ముందు నీ గోడౌన్ చూపించు అని పట్టుబట్టిందట. ఇప్పుడే గేటు దాటారు."

జల్లెడ పక్కింటావిడ వైపు తిరిగింది. "మీ పేరు కనిపిస్తేనే ఆవిడ ఎత్తుతుంది. మీ ఫోన్లో కలిపి నాకివ్వండి."

నాలుగు సార్లు మోగాక, నీరసంగా ఉన్నా నిబ్బరమైన గొంతు పలికింది. "చెప్పమ్మా." వెనక వ్యాన్ హోరు.

"అమ్మా, నేను మీ పక్కింటావిణ్ణి కాదు. డిటెక్టివ్‌ని. మీ వంటింట్లోంచి మాట్లాడుతున్నాను. మీ తొట్టి వెనక లేబుల్ చూశాను. పక్కన మీ తమ్ముడున్నాడు కదా? అవునంటే చాలు."

"ఆఁ, ఉన్నాడు. ఆ సీసా సంగతేనా? అది నేనే కడిగానమ్మా. లేబుల్ చదివే అతికించాను."

జల్లెడ ఫోన్‌ను చెవికి అదుముకుంది. "అంటే మీకు తెలుసు! తెలిసీ ఆ బండి ఎక్కారా? ఏదో ఒక వంక చెప్పి దిగిపోండి. జనం ఉన్నచోట దిగండి. మీకు దణ్ణం పెడతాను."

"దిగనమ్మా. పాడైందని తెలియగానే పారేస్తామా? బాగుచెయ్యొచ్చేమో ఒకసారి చూడాలి. ఇన్నేళ్లుగా మీ అందరికీ నేను చెబుతున్నది అదేగా. నా ఇంట్లో దానికి చెయ్యకపోతే ఎలా?"

"అది సీసా కాదమ్మా! మనిషి! మిమ్మల్ని చంపబోయిన మనిషి!"

"నా చేతుల్లో పెరిగిందమ్మా. నేను చూడకుండా ఎలా?"

అవతల మెత్తటి గొంతు వినిపించింది. "అక్కా, ఎవరు ఫోన్లో?"

"పక్కింటావిడ రా. ఏది ఎందులో వెయ్యాలో అడుగుతోంది."

"ఇటివ్వు, నేను చెబుతాను."

ఫోన్ ఆగిపోయింది. మళ్లీ చేస్తే మోగలేదు. ఇంకోసారి చేసినా మోగలేదు.

"గోడౌన్ ఎక్కడ?" ఇన్‌స్పెక్టర్ పక్కింటావిడ భుజాలు పట్టుకుని కుదిపినంత పనిచేశాడు. "అడ్రసు చెప్పండి!"

ఆవిడ బిక్కచచ్చిపోయింది. "తెలీదండీ. ఎవరికీ తెలీదు. వ్యాన్ వచ్చేది, తీసుకెళ్లేది. గేటు దాటాక చెత్త ఎటు పోతే ఎవరు చూస్తారండీ?"

"చూసినవాడు ఒకడున్నాడు," అంది జల్లెడ. "ఆవిడకు ఒట్టేసి, పొద్దుట్నుంచి నీ లాకప్పులో నోరు మూసుకుని కూర్చున్నాడు. ఫోన్ చెయ్యి. నేను మాట్లాడతాను, ఇప్పుడు చెబుతాడు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పట్టుకునే ఉన్నాడు కానీ నొక్కడం లేదు.

"మీరేదో ఒకటి చేసి విడిపిస్తారని, మధ్యాహ్నం దాకా ఆగకుండా వాణ్ణి ఇందాకే కోర్టుకు పంపించేశాను వదినా."